పొగ దారిలో పనితనము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండించు గరిడేపల్లి సీమలో ట్రాక్టరు మ్యానిఫోల్డు విప్పి బిగించుట మెకానిక్కులకు పరిచితమైన పనియే. ఇటలీలో పుట్టిన ఫెరారీ కారుకు ఎగ్జాస్ట్ హెడర్లు మార్చుటయు మూలతత్త్వమున అట్టిదే యని గ్రహించినప్పుడు ఆ మెకానిక్కుల విద్యపై గౌరవము ఇనుమడించును.

ఇంధనము దహనమైన పిమ్మట సిలిండర్లనుండి వెలువడు వేడి వాయువులను ఒక్కచోటికి చేర్చునది మ్యానిఫోల్డు. ట్రాక్టరుకు అది పోతయినుప దిమ్మ. అచట దార్ఢ్యమే ప్రధానము. వేగమే పరమావధియైన కారులోనో, సిలిండరున కొక్కటిగా హెడర్లనబడు స్టీలు గొట్టములను సాధ్యమైనంత సమానమైన పొడవుతో వంచి అమర్చుదురు. ఏలనన ఒక సిలిండరు పొగ వడిగా సాగిపోవునపుడు దాని వెనుక ఏర్పడు అల్పపీడనము తరువాతి సిలిండరు పొగను సైతము వెలికి లాగి, క్రొత్త గాలికి చోటు కల్పించును.

పెట్రోలు ఇంజనులో ఈ వాయువుల వేడిమి 800 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చును గనుక, లోహము మాటిమాటికి వ్యాకోచ సంకోచములు చెంది అతుకులవద్ద బీటలువారును. చల్లని ఇంజను స్టార్టు చేయగానే వినిపించు టిక్కుటిక్కు చప్పుడును, అతుకువద్ద కనిపించు నల్లని మసిచారయు లీకుకు సాక్ష్యములు.

మార్చుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. తుప్పుపట్టిన స్టడ్లను నూనెలో నాననీయక పానాతో మొండిగా త్రిప్పినచో అవి సిలిండరు హెడ్డులోనే విరిగి పని పదింతలగును. గ్యాస్కెట్టు క్రొత్తది వేసి, నట్లను నడుమనుండి చివరలకు క్రమక్రమముగా బిగించవలెను. ట్రాక్టరులో ఇదంతయు కంటి కెదుటనే జరుగును. ఇంజను నడుమ నిరుకున నుండు కార్లలో కొన్నింటికి ఇంజనునే దింపవలసి వచ్చును.

బండి ఏదైనను, పొగ లీకగుచుండగా మూసిన షెడ్డులో నడుపరాదు. వాసనలేని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము.