కాలేయం దాటి వ్యాపించే హెపటైటిస్ సి

పాదాలపై ఊదా రంగు మచ్చలు, కీళ్ల నొప్పులు, మూత్రంలో ప్రొటీన్. ఈ లక్షణాలకు కాలేయంతో సంబంధం ఉంటుందని చాలామంది ఊహించరు. కానీ కొందరిలో వీటికి మూలం హెపటైటిస్ సి వైరస్.

ఈ వైరస్ జన్యుపదార్థం సుమారు 9,600 న్యూక్లియోటైడ్ల పొడవైన ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. కణంలో చేరగానే దాని ఆధారంగా ఒకే పొడవైన ప్రొటీన్ తయారై, 10 ప్రొటీన్లుగా విడిపోతుంది. వాటిలో ఎన్‌ఎస్‌5బి అనే ఎంజైమ్ మొదట ఆ పోగుకు ప్రతిరూపమైన రుణ పోగును నిర్మిస్తుంది. దానిని అచ్చుగా చేసుకుని కొత్త జన్యుపోగులను తయారు చేస్తుంది. అందువల్ల రుణ పోగు కనిపించిన కణంలో వైరస్ వృద్ధి చెందుతోందని శాస్త్రవేత్తలు భావిస్తారు.

వైరస్‌కు ప్రధాన స్థావరం కాలేయ కణమే. అక్కడ సమృద్ధిగా ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122 వైరస్ పోగును కాపాడుతుంది. అయినప్పటికీ కొందరు రోగుల రక్తంలోని లింఫోసైట్లలోనూ, మెదడు కణజాలంలోనూ రుణ పోగులను పరిశోధకులు గుర్తించారు. అక్కడ వాటి పరిమాణం చాలా స్వల్పం. పరీక్ష కచ్చితంగా లేకపోతే ధన పోగునే రుణ పోగుగా పొరబడే ప్రమాదం ఉంది. అందుకే కాలేయం వెలుపలి వృద్ధి ఎంత అన్నదానిపై చర్చ కొనసాగుతోంది.

కాలేయేతర వ్యాధులన్నింటికీ ఈ వృద్ధే కారణం కాదు. దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్ బి-లింఫోసైట్లను నిరంతరం ప్రేరేపిస్తుంది. ఫలితంగా చలికి గడ్డకట్టే క్రయోగ్లోబులిన్లు ఏర్పడి చిన్న రక్తనాళాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొందరిలో ఇది లింఫోమా క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

ఊరటనిచ్చే అంశం చికిత్స. సోఫోస్‌బువిర్ మాత్ర నేరుగా ఎన్‌ఎస్‌5బి పనిని అడ్డుకుంటుంది. మరో మందుతో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే 95 శాతానికి పైగా రోగులకు నయమవుతుంది. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివర్ అండ్ బిలియరీ సైన్సెస్ కాలేయ వ్యాధులకు ప్రత్యేక ప్రభుత్వ సంస్థ.

నయమైన తర్వాత కూడా రక్తంలో ప్రతిరక్షకాలు మిగిలే ఉంటాయి. కాబట్టి చికిత్స ముగిసిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షతోనే ఫలితాన్ని నిర్ధారిస్తారు. ఈ వ్యాధికి ఇంకా టీకా లేదు. నయమైనవారికీ మళ్లీ సోకవచ్చు. డయాలసిస్ పొందుతున్నవారు, తరచూ రక్తం ఎక్కించుకునేవారు, సూదులు పంచుకున్నవారు పరీక్ష చేయించుకోవడం అవసరం.