అగ్నియు యుద్ధధర్మమును

వేసవిలో మన గోదావరీమండల గ్రామములకు అగ్నిభయ మెట్టిదో పాఠకులకు వేరుగ చెప్ప నక్కరలేదు. పడమటిగాలి వీచువేళ ఒక్క తాటాకుకప్పు నంటుకొన్న నిప్పు వాడనంతటిని చుట్టబెట్టి, గడ్డివాములను, గాదెలలోని ధాన్యమును గడియలో బూడిద చేయగలదు. అది పొరపాటున పుట్టిన నిప్పు. అట్టి నిప్పునే బుద్ధిపూర్వకముగ, గాలివాటును ఇండ్ల నిర్మాణమును లెక్కించి, జనులు నిద్రించు నగరములపై గుమ్మరించుట గడచిన శతాబ్దమున ఒక శాస్త్రమయ్యెను. అందులకై నిర్మింపబడిన యాయుధములే దాహకాస్త్రములు.

మన పూర్వు లీ యస్త్రము నెరుగనివారు గారు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమందు నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వములోనే లక్కయింటి కథయు, ఖాండవదహన కథయు గలవు. ఖాండవదహనము వీరకృత్యముగ వర్ణింపబడినను, తప్పించుకొన దారిలేక అడవిప్రాణులు దగ్ధమైన వృత్తాంతమును ఆ కథయే చెప్పుచున్నది. మండుచున్న మొనలుగల బాణములతో శత్రువును కొట్టరాదని మనుస్మృతి సప్తమాధ్యాయము శాసించినది. వీనికన్న విశేషమైనది కౌటిల్యుని మాట. 1909లో మైసూరు పండితుడు శామశాస్త్రిగారు ప్రకటించిన అర్థశాస్త్రమున, కోటలో గూళ్లుగల పక్షులను పట్టి వాని తోకలకు అగ్నిచూర్ణము కట్టి విడుచు నుపాయము సైతము వ్రాయబడియున్నది. అంత వివరముగ విధానమును జెప్పినవాడే, పరాక్రమముచే దుర్గము సాధ్యమగునప్పుడు అగ్నిని ప్రయోగింపవలదని నిషేధించినాడు. అగ్ని నమ్మరానిది, దేవతల కపచారము, లెక్కలేనన్ని ప్రాణులను, ధాన్యమును, పశువులను, ధనమును హరించును, నిలువలు నశించిన రాజ్యము చేజిక్కినను నష్టమే యని యాతని వాదము. ఇందు దయ కొంచెమే, లెక్క యధికము. అయినను గాదె విలువ నెరిగినవాని లెక్క యిది. దయ చలించిన కాలమందును ఈ లెక్క నిలిచియుండవలసినది.

పాశ్చాత్యులు 1868లో సెంటు పీటర్సుబర్గునందు సమావేశమై, ప్రేలెడి లేక మండెడి పదార్థములతో నింపిన 400 గ్రాములలోపు గుండ్లను తమలో తాము ప్రయోగించుకొనరాదని ప్రకటించిరి. సిపాయి దేహమును కాల్చు చిన్నగుండు నిషిద్ధమయ్యెను. ఊరిని కాల్చు పెద్దగుండును గూర్చి యా ప్రకటన మౌనము వహించెను! తరువాత విమానములు వచ్చినవి. 1939 సెప్టెంబరు 1వ తేదీన అమెరికా యధ్యక్షుడు రూజ్వెల్టు, రక్షణలేని నగరములలోని ప్రజలపై బాంబులు వేయవలదని యుద్ధరాజ్యములను వేడుకొనెను. మూడేండ్లు గడవకముందే, 1942లో, ఆయన దేశమందే హార్వర్డు విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ ఫీజరు బృందము పెట్రోలును జిగురుగ మార్చి నేపాము అను పదార్థమును సృష్టించెను. అది శరీరమున కంటుకొని, తుడిచిన వదలక మండును. 1943 జూలైలో హాంబర్గు కాలెను. 1945 మార్చి 9–10 తేదీల నడిమి రాత్రి టోకియోలోని కొయ్యయిండ్ల పేటలపై అమెరికా విమానములు కురిపించిన యగ్నిలో సుమారు లక్షమంది మడిసిరి. 1939 నాటి విజ్ఞాపన యారేండ్లలో నేమయ్యెను?

ఇవి పరదేశపు మంటలని మన మూరకుండ వీలులేదు. గోదావరీ ముఖమందలి కోరంగిరేవు పేరనే బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. కాకినాడలో పొగయోడ నెక్కి, రంగూను రేవులలోను బియ్యపుమిల్లులలోను పాటుపడి, కూడబెట్టిన నాలుగురూపాయలతో తిరిగివచ్చుట మన మండలములందలి యెన్నో కుటుంబముల వాడుక. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినప్పుడు వీధులలో నిలిచి ఆకాశము చూచుచున్న జనసమూహములే యెక్కువగ బలియైనవి. రేవుకూలీలు నగరము విడిచి పారిపోయిరి. 1942 మార్చి 7వ తేదీన బ్రిటిషువారు నగరమును వదలుచు, భారతీయ కూలీల చెమటతో నడచిన సిరియం చమురు కర్మాగారమునకు తామే నిప్పంటించిరి. ఏప్రిలు 3వ తేదీన జపానువారి బాంబులు మాండలే పట్టణమును తగులబెట్టగా, కొయ్యయిండ్లతో నిండిన యా నగరము చాలవరకు కాలిపోయెను. ముట్టడించువాడు కాల్చును, విడిచిపోవువాడును కాల్చును, నడుమ నున్న కూలీకి అరకాను, అస్సాము దారుల కాలినడకయే మిగిలెను.

మాండలే కాలిన మూడవనాడే, ఏప్రిలు 6వ తేదీన, విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. శత్రువునకు దక్కకుండ స్వదేశమునే తగులబెట్టు దగ్ధభూమి విధానమును గాంధీజీ ఆ సంవత్సరమే హరిజన పత్రికలో ఖండించిరి. మన గాదెలు కాలలేదు. కాలియున్న నేమగునో కౌటిల్యుని వాక్యమును మరల చదివిన తెలియును.

యుద్ధానంతరమును నేపాము చల్లారలేదు. కొరియాలోను వియత్నాములోను విరివిగ ప్రయోగింపబడెను. 1972 జూన్ 8వ తేదీన ట్రాంగ్‌బాంగ్ గ్రామమున, కాలిన దేహముతో రోడ్డుపై పరుగిడు బాలిక ఛాయాచిత్రము లోకమున కీ యస్త్రము చేయు పని యేమో చూపెను. 1980 అక్టోబరు 10వ తేదీన జెనీవాలో నంగీకరింపబడిన ఒప్పందపు మూడవ ప్రోటోకోలు, పౌరులపై దాహకాస్త్రములను ప్రయోగింపరాదనియు, జనసమూహము నడుమనున్న సైనికలక్ష్యముపైనను విమానములనుండి వానిని వేయరాదనియు విధించినది. 1984లో భారతదేశము దానికి కట్టుబడినది.

అయినను ఆ శాసనమున రెండు కన్నములు మిగిలినవి. ఆకాశమునుండి నిషిద్ధమైన దానినే నేలమీది ఫిరంగితో వేసినచో నియమము సడలును. రెండవది యింకను పెద్దది: కాల్చుటయే ముఖ్యోద్దేశముగ నిర్మింపబడినదే దాహకాస్త్ర మట, పొగకై, వెలుతురునకై చేయబడి, ప్రసక్తముగ కాల్చునది కాదట. గాలి తగిలినంతకాలము మాంసమును మండించు తెల్లభాస్వరము ఈ సందునుండియే తప్పించుకొనుచున్నది. 2004లో ఇరాకునందలి ఫలూజాలో అమెరికాయు, 2008–09లో గాజాలో ఇజ్రాయేలును దానిని వాడినట్లు తామే యంగీకరించినవి. ఆయుధశాలలో వాని యుద్దేశ మేమైనను కాలినవాని పుండున భేదము లేదు గదా! శాసనము కాల్చు ఫలితమును బట్టి నిర్వచింపబడవలెను గాని, నిర్మాత సంకల్పమును బట్టి కాదు.

ఈ యొప్పందమును సవరించుటకు సభ్యరాజ్యములన్నిటి సమ్మతి కావలెను. ఒక్కరు కాదన్నను పని నిలుచును. కనుక త్వరలో ఫలించునని చెప్పజాలము. కాని కట్టుబడిన రాజ్యముగ సభలో లేచి యడుగు హక్కు ఢిల్లీకి 1984 నుండి యున్నది. రంగూనులోను మాండలేలోను మనవారు చూచిన దానిని జెనీవాలో చెప్పుటకు వేరొకరి యనుమతి యక్కరలేదు.