అంచెట్టి పాలీహౌస్‌కు హోసూరు లెక్క సరిపోదు

మన పాత పెంకుటిళ్లలో వంటింటి పైన ఒక గాజు పెంకు ఉండేది, గుర్తుందా? పొద్దున పూట ఆడవాళ్లు దాని కింద కూర్చుని బియ్యం ఏరుకునేవారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ వెలుగు పడిన చోట ఎవరూ కూర్చోలేకపోయేవారు. వెలుతురు కోసం పెట్టిన పెంకు వేడిని కూడా వెంట తెచ్చేది. పాలీహౌస్‌లో జరిగేదీ ఇదే.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. అంచెట్టి దగ్గర మన సంఘ సభ్యుల కుటుంబంలోని ఒక అబ్బాయి బ్యాంకు అప్పు చేసి గులాబీకి పాలీహౌస్ వేశాడు. హోసూరు పక్కన బాగా నడుస్తున్న తోట చూసి వచ్చి, అదే ఎత్తు, అదే నీడవల, అదే రకం మొక్క పెట్టాడు. మొదటి ఏప్రిల్‌లోనే మొగ్గలు చిన్నవయ్యాయి, కాడలు పొట్టిగా వచ్చాయి, రంగు వెలిసింది. పొట్టి కాడ పువ్వుకు మార్కెట్లో ధర ఉండదు. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, వ్యవసాయ నిపుణుణ్ణి కాను. ఆ అబ్బాయితో కూర్చుని వేసిన లెక్కనే మీ ముందు పెడుతున్నాను.

తేడా ఎక్కడుంది?

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. తళి వైపు ఇంకా చల్లన. ఇండో-ఇజ్రాయెల్ పథకం కింద పూల సాగు కేంద్రాన్ని తళిలో పెట్టడం ఊరికే కాదు. గులాబీకి పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 18 డిగ్రీలు ఉంటే బాగా వస్తుంది. డెంకణికోట నుంచి అంచెట్టికి మనం ఘాట్ రోడ్డు దిగి వస్తాం. ప్రతి 100 మీటర్లు దిగితే సుమారు అర డిగ్రీకి పైగా వేడి పెరుగుతుంది. రాత్రి వేడిగా ఉంటే, పగలు ఆకు తయారుచేసుకున్న ఆహారాన్ని మొక్క రాత్రి ఊపిరి తీయడానికే ఎక్కువగా ఖర్చు పెట్టేస్తుంది. పువ్వుకు మిగిలేది తక్కువ.

వేడి ఎలా చిక్కుకుంటుంది?

ఎండ ప్లాస్టిక్ కప్పు గుండా లోపలికి వస్తుంది. నేల, ఆకులు దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి, వాటి వల్ల గాలి వేడెక్కుతుంది. బయట పొలంలో అయితే ఆ గాలి పైకి లేచి పోతుంది. లోపల పోయే దారి లేక నిలిచిపోతుంది. అందుకే పైకప్పు దగ్గర గాలి సందు, పక్కల ఎత్తి దించే పరదాలు రెండూ ఉండాలి. పరదా ఎత్తినా పైన సందు లేకపోతే సగం పనే.

నీడవల లెక్క

నడి మధ్యాహ్నం మంచి ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. కొత్త ప్లాస్టిక్ కప్పు అందులో 80 శాతం వదిలిందనుకుంటే లోపల 80,000. దాని మీద 50 శాతం నీడవల వేస్తే 40,000. ఇంతవరకు బాగానే ఉంది.

అదే మబ్బు పట్టిన రోజు బయటే 20,000 లక్స్ ఉందనుకోండి. కప్పు కింద 16,000, నీడవల కింద 8,000 మాత్రమే. మొక్క వెలుతురు కోసం సాగిపోతుంది, కాడ సన్నబడుతుంది. పైగా కప్పు మీద దుమ్ము పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి నీడవలను శాశ్వతంగా కట్టేయకూడదు. వేసవిలో 11 నుంచి 3 గంటల వరకు లాగి, తరువాత తీసేయాలి. ఐప్పసి, కార్తీక వానల్లో అసలు వద్దు.

ఇంకొక మాట. నల్ల వలను కప్పు లోపల కడితే అది ఎండను పీల్చుకుని ఆ వేడిని లోపలే వదులుతుంది. వీలైతే కప్పు బయట, కొంచెం ఎడం ఉంచి కట్టండి. తెల్ల వల, వెండి రంగు వల ఎండను తిప్పికొడతాయి. నీటి తుంపర ఏప్రిల్, మే పొడి గాలిలో బాగా చల్లబరుస్తుంది. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి చల్లదనం రాదు, తెగులు మాత్రం వస్తుంది.

ఇంట్లో నారు పెంచేవారికి

వరండాలో టమాట, మిరప నారు పోసేవారికీ లెక్క ఇదే. దీపం కింద పెంచితే పాత ఫిలమెంట్ బల్బు వద్దు. దాని కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడికే పోతుంది. ఎల్ఈడీ మేలు. చిన్న బల్బు దూరం రెండింతలు చేస్తే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, కనుక దగ్గరగా పెట్టాలి. ఎంత దగ్గర? ఆకు ఎత్తులో అరచేయి అర నిమిషం ఉంచండి. చెయ్యి వేడెక్కితే దీపం పైకి జరపండి. నారు పొడుగ్గా వంగిపోతుంటే కిందికి దించండి.

అప్పు చేసే ముందు

ఒక థర్మామీటరు కొని, పాలీహౌస్ వేయాలనుకున్న చోట నీడలో, మొక్క ఎత్తులో వేలాడదీయండి. ఏప్రిల్‌లో పది రోజులు, మబ్బుల కాలంలో పది రోజులు, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి రాసుకోండి. వెలుతురు కొలవడానికి సెల్‌ఫోన్‌లో లక్స్ యాప్ ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఉద్యాన శాఖ అధికారి దగ్గరకు వెళ్లి, ఈ చోటికి గులాబీ సరిపోతుందా, కూరగాయలు మేలా అని అడగండి. రాయితీ సంగతి ఆ తరువాత.

మన అబ్బాయి ఇప్పుడు నీడవలకు తాడు, కప్పీ బిగించి రోజూ చేత్తో లాగుతున్నాడు. పైన గాలి సందు పెద్దది చేయించాడు. వచ్చే ఏప్రిల్‌లో గానీ ఫలితం తెలియదు. ఈలోగా ఇంకెవరైనా పాలీహౌస్ వేయాలనుకుంటే, ముందు అతని తోట చూసి రండి. ఏది తప్పిందో దాచకుండా చెబుతానన్నాడు.