చారిత్రక కట్టడాల చెంత ఇంటి మరమ్మతులు - అనుమతి పొందే విధానం

తెలుగు నేల మీద చరిత్ర జనావాసాలతో కలిసే ఉన్నది. చార్మినార్ చుట్టూ బజార్లు, గోల్కొండ కోట లోపల వీధులు, ఓరుగల్లు కోట ప్రాకారాల నడుమ ఇళ్లు, లేపాక్షి ఆలయం చెంత గ్రామం తరతరాలుగా వర్ధిల్లుతున్నవి. చారిత్రక కట్టడాన్ని కాపాడుకోవడం ఎంత అవసరమో, దాని సమీపాన నివసించే కుటుంబానికి వానకు కురవని పైకప్పు ఉండడం కూడా అంతే అవసరం. ఈ రెంటికీ చట్టంలో చోటున్నది. అయితే ఏ పనికి అనుమతి లభిస్తుందో, ఏ పనికి లభించదో తెలియక కొందరు యజమానులు ముందుగా పని మొదలుపెట్టి కేసుల పాలవుతుండగా, మరికొందరు మరమ్మతుకు సైతం వీలు లేదన్న అపోహతో ఇంటిని శిథిలం కానిస్తున్నారు. రెండూ నష్టదాయకమే.

చట్టం నేపథ్యం

జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను పరిరక్షించే బాధ్యతను రాజ్యాంగం 49వ అధికరణం రాజ్యానికి అప్పగించింది. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని 51-ఎ అధికరణం పేర్కొన్నది. ఈ లక్ష్యంతోనే 1958లో ప్రాచీన స్మారక కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం రూపొందింది. దేశవ్యాప్తంగా 3,600కు పైగా కట్టడాలు, స్థలాలు ఈ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్నవి.

రక్షిత కట్టడానికి చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతంగా, ఆపైన మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తూ 1992 జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్ జారీ చేసింది. తరువాతి కాలంలో నిషిద్ధ ప్రాంతంలోనూ నిపుణుల కమిటీ సిఫారసుపై కొన్ని నిర్మాణాలకు అనుమతులు ఇవ్వగా, అవి చట్టసమ్మతం కావని 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. దరిమిలా 2010లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఈ హద్దులను చట్టంలోనే చేర్చి, జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ ఏర్పాటుకు వీలు కల్పించింది.

ఈ దూరాన్ని గోపురం నుంచో మినారు నుంచో కొలవరాదు. రక్షిత ప్రాంతపు సరిహద్దు నుంచి అన్ని దిక్కులకూ కొలవాలి. కోటల వంటి విశాలమైన స్థలాల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. కొన్ని కట్టడాలకు 100 మీటర్ల కంటె ఎక్కువ దూరాన్ని నిర్ణయించే అధికారం కూడా కేంద్రానికి ఉన్నది. కనుక సొంత అంచనాపై ఆధారపడక, పురావస్తు శాఖ కార్యాలయంలో హద్దులను నిర్ధారించుకోవడం శ్రేయస్కరం.

మూడు మాటలు - మూడు అర్థాలు

చట్టంలో మరమ్మతు, పునర్నిర్మాణం, నిర్మాణం అనే మాటలకు వేర్వేరు నిర్వచనాలున్నవి. ఉన్న ఇంటికి చేసే మార్పులు మరమ్మతు, నవీకరణ కిందికి వస్తాయి. పాత ఇంటి స్థానంలో అదే పొడవు, వెడల్పు, ఎత్తులలో తిరిగి కట్టడం పునర్నిర్మాణం. కొత్తగా కట్టడంతో పాటు, ఉన్న ఇంటిపై అంతస్తు వేయడం, పక్కకు గది పెంచడం కూడా నిర్మాణమే. ప్రజల కోసం చేపట్టే మురుగు కాలువలు, మంచినీటి సరఫరా, విద్యుత్తు పంపిణీ పనులు నిర్మాణం నిర్వచనంలోకి రావు.

నిషిద్ధ ప్రాంతంలో నిర్మాణానికి గానీ, పునర్నిర్మాణానికి గానీ అవకాశం లేదు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇళ్లకు, ఆ తరువాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిన ఇళ్లకు మాత్రం మరమ్మతు కోసం దరఖాస్తు చేసుకోవచ్చును. నియంత్రిత ప్రాంతంలో ఈ మూడు రకాల పనులకూ అనుమతి కోరవచ్చును.

ఉదాహరణకు, కోట సరిహద్దుకు 60 మీటర్ల దూరంలో తాత కట్టించిన పెంకుటిల్లు ఉన్నదనుకుందాం. దూలాలు పుచ్చి, గోడలు బీటలు వారితే వాటిని బాగుచేసుకొనేందుకు యజమాని అనుమతి పొందవచ్చును. కుమారుని వివాహం నిమిత్తం మేడపై గది వేయదలిస్తే అనుమతి లభించదు. ఇంటిని పూర్తిగా పడగొట్టినా, నిర్లక్ష్యం వల్ల అది కూలిపోయినా ఆ స్థలంలో తిరిగి ఇల్లు కట్టేందుకు వీలుండదు. అందువల్ల నిషిద్ధ ప్రాంతంలోని యజమానులు పగులు చిన్నదిగా ఉన్నప్పుడే దరఖాస్తు చేసుకోవడం అత్యవసరం. సకాలంలో చేసే మరమ్మతు ఒక్కటే ఆ ఇంటిని నిలబెట్టగలదు.

దరఖాస్తు విధానం

దరఖాస్తును చట్టం ప్రకారం నియమితులైన అధీకృత అధికారికి సమర్పించాలి. పురావస్తు శాఖ డైరెక్టరు లేదా కమిషనరు హోదాకు తగ్గని అధికారి ఈ బాధ్యత నిర్వహిస్తారు. ఆన్‌లైన్ ద్వారా దరఖాస్తు చేసుకొనే సదుపాయం కూడా ఉన్నది. పని స్వరూపం, కట్టడానికి గల దూరం, అంతస్తుల సంఖ్య, పిట్టగోడ, నీటి ట్యాంకుతో సహా ఇంటి ఎత్తు, పని ప్రారంభించే తేదీ, పట్టే కాలం వంటి వివరాలను దరఖాస్తులో పొందుపరచాలి. యాజమాన్య పత్రాలు, ప్లాను, ఇంటి ప్రస్తుత స్థితిని తెలిపే ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఇల్లు 1992కు ముందునుంచే ఉన్నదని నిరూపించేందుకు పాత ఇంటిపన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు, దస్తావేజులు ఉపకరిస్తాయి. వాటిని భద్రపరచుకోవడం యజమానికి ఎంతో మేలు.

అధీకృత అధికారి దరఖాస్తును 15 రోజులలో ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ పని ప్రభావాన్ని పరిశీలించి రెండు నెలలలో తన సిఫారసును తెలియజేయాలి. అటుపై నెల రోజులలో అధీకృత అధికారి అనుమతి మంజూరు చేయడమో, తిరస్కరించడమో జరగాలి. తిరస్కరించే పక్షంలో దరఖాస్తుదారు తన వాదన వినిపించుకొనే అవకాశం ఇచ్చి, లిఖితపూర్వకంగా ఉత్తర్వు జారీ చేయాలి. అనుమతి పొందిన తరువాత సైతం, పని వల్ల కట్టడానికి హాని కలుగుతున్నట్లు తేలితే అనుమతిని ఉపసంహరించే వీలున్నది.

ఈ అనుమతి పురపాలక సంఘం లేదా గ్రామ పంచాయతీ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. రెండూ పొందిన తరువాతనే ఇటుక, ఇసుక దింపుకోవడం మంచిది. వానకాలానికి ముందే పని ముగించదలచినవారు చట్టం నిర్దేశించిన గడువులను దృష్టిలో ఉంచుకొని కనీసం నాలుగు నెలల ముందుగా దరఖాస్తు చేసుకోవడం సముచితం.

రక్షిత ప్రాంతం లోపల యజమాని అయినా సరే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా భవనం నిర్మించరాదు. రాష్ట్ర ప్రభుత్వాల రక్షణలోని కట్టడాలకు వేరుగా ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నవి. కనుక కట్టడం ఎవరి రక్షణలో ఉన్నదో తొలుత తెలుసుకోవాలి.

ఉల్లంఘనకు శిక్ష

నిషిద్ధ ప్రాంతంలో నిర్మాణం చేపట్టినా, నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా నిర్మించినా రెండేళ్ల వరకు జైలు శిక్ష లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించేందుకు 2010 సవరణ వీలు కల్పించింది. రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేసినా, దాని రూపం మార్చినా ఇదే శిక్ష వర్తిస్తుంది. అక్రమ నిర్మాణానికి కొమ్ముకాసిన కేంద్ర ప్రభుత్వ అధికారికి మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చును.

కాకతీయుల రాతి తోరణాలు, కుతుబ్‌షాహీల మినార్లు మళ్లీ కట్టగలిగినవి కావు. వాటి చెంత నివసించే కుటుంబాలే వాటికి నిత్యం కాపలా. హద్దులు తెలుసుకొని, పాత రసీదులు భద్రపరచుకొని, సకాలంలో దరఖాస్తు చేసుకొన్నట్లయితే ఇల్లూ నిలుస్తుంది, చరిత్రా నిలుస్తుంది.