ఇరవై రూపాయల జరిమానా

బరంపురంలో ఠాకురాణీ యాత్ర రోజుల్లో మగవాళ్లు ఒళ్లంతా పులిచారలు పూయించుకుని, నడుముకు గుడ్డ తప్ప మరేమీ లేకుండా నడివీధిలో చిందులేస్తారు. మొక్కు అంటాం, దారిస్తాం. అదే ఊళ్లో పీజీ చదివే తెలుగమ్మాయి ఒడిశా సరిహద్దు దాటి, ఆంధ్ర వైపు జాతరల్లో రికార్డింగ్ డ్యాన్స్ చేసి ఫీజు కట్టుకుందనుకోండి, ‘దాని బతుకు పోయింది’ అంటాం. ఏం పోయింది, ఎంత పోయింది అని లెక్క కట్టేవాళ్లు తక్కువ.

పరువు సంగతి పక్కన పెడదాం, అది ఊరిని బట్టి, కులాన్ని బట్టి, కట్నాన్ని బట్టి మారుతుంది. ఉద్యోగానికి అడ్డొచ్చేది వేదిక మీద వేసిన స్టెప్పు కాదు, దాని వెనక మిగిలే కాగితం.

పోలీసులు వచ్చి షో ఆపినప్పుడు సాధారణంగా పెట్టేది అశ్లీల ప్రదర్శన కేసు. ఒకప్పుడు ఐపీసీ 294, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 296. శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చిన్న కేసే. అందుకే టీమ్ మేనేజర్ ‘తప్పు ఒప్పేసుకో అమ్మా, ఫైన్ నేను కడతాను, పొద్దున్నే వెళ్లిపోవచ్చు’ అంటాడు. అలసిన మనిషికి అది మంచి మాటలాగే వినిపిస్తుంది. కానీ తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. హర్యానాలో పవన్ కుమార్ అనే చిరుద్యోగికి 1980లో ఇదే 294 కింద ఇరవై రూపాయల జరిమానా పడింది. దాన్ని చూపించి తర్వాత ఉద్యోగంలోంచి తీసేశారు. 1996లో సుప్రీంకోర్టు, ఈ సెక్షన్ కింద శిక్ష పడినంత మాత్రాన దాన్ని నైతిక పతనంగా లెక్కించకూడదని చెప్పి, అతని పక్షాన తీర్పిచ్చింది. గెలిచాడు, నిజమే. ఇరవై రూపాయల కోసం ఢిల్లీ దాకా వెళ్లాల్సొచ్చింది.

సర్కారు కొలువు వస్తే అటెస్టేషన్ ఫారం ఇస్తారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, జరిమానా పడిందా అని అందులో వరసగా అడుగుతారు. చాలామంది భయంతో ‘లేదు’ అని రాసేస్తారు. నా దృష్టిలో డ్యాన్స్ కన్నా ప్రమాదం అదే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దాదాపు ఇదే. చిన్న నేరాన్ని యజమాని చూసీ చూడనట్టు వదిలేయవచ్చు గానీ, దాచడం దానికదే ఉద్యోగం తీసేయడానికి కారణం కాగలదు. నిజం రాసినా కొలువు ఇచ్చి తీరాలని లేదు, ఆ మాటా అదే తీర్పులో ఉంది.

ఇక ఫోను. ముందు వరసలో ఎత్తిపట్టిన ఫోన్లు ఎన్నో లెక్కపెట్టలేం. తెల్లారేసరికి మేకప్ కడిగేసుకోవచ్చు, ఆ వీడియోను కడగలేం. ముంబై డ్యాన్స్ బార్లలో సీసీటీవీ తప్పనిసరి అన్న నిబంధనను 2019 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, డ్యాన్సర్ల, కస్టమర్ల ప్రైవసీకి భంగమని. జాతరలో కెమెరా పెట్టించేది సర్కారు కాదు, అక్కడ ఆ తీర్పు అక్కరకు రాదు. షోకు ఒప్పుకునే ముందు, టీమ్ వాళ్లు పోస్టర్ మీద అసలు పేరు వేస్తారా, యూట్యూబ్‌లో పెడతారా అని అడిగి తీరాలి. పేమెంట్ ఎంతని అడిగినంత గట్టిగా.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ ఇలాంటి ఆలోచన వచ్చినవాళ్లకు చిక్కు ఇంకోచోట ఉంది. ఎఫ్-1 వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఏ పని చేసినా స్టేటస్ ఉల్లంఘనే. క్లబ్బులో డ్యాన్సయినా, పెట్రోల్ బంకులో క్యాషయినా ఒకటే.

ఇప్పటికే కేసు పడి ఉంటే, అది కోర్టులో కొట్టేసినా సరే, తీర్పు సర్టిఫైడ్ కాపీ రెండు తీసి దాచుకోవాలి. ఫారం నింపే వారంలో కోర్టు కాపీల కోసం తిరగడానికి టైముండదు, ఇచ్చే గుమస్తాకు తొందరా ఉండదు.