చంకలో ఒకరు, కడుపులో ఒకరు

పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు వేసేది బుధవారం, శనివారం. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కలైనా, ఎల్బీనగర్ దాటి వనస్థలిపురమైనా, ఆ పూట వరుసలో చంకన పిల్లను ఎత్తుకుని, రెండో చెయ్యి నడుం మీద ఆనించి నిలబడ్డ గర్భిణులు కనిపిస్తారు. ఏడాదిన్నర దాటిన పాపకు డీపీటీ బూస్టరు, తట్టు-రుబెల్లా టీకా రెండో డోసు వేయించాలి. తల్లికి ధనుర్వాతం రాకుండా టీడీ సూది పడాలి. తొలి కాన్పులో రెండు డోసులూ వేయించుకుని, మూడేళ్లలోపే మళ్లీ నెల తప్పితే ఈసారి ఒక్క బూస్టరు చాలు. తన చెయ్యి సలుపుతున్నా పాపను భుజాన వేసుకుని ఓదార్చాల్సింది మాత్రం ఆ తల్లే.

మొదటిసారి నీళ్లోసుకున్న కోడలిని ఇల్లంతా కనిపెట్టుకుని ఉంటుంది. బిందె ఎత్తనివ్వరు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చమంటారు. అడిగింది వండిపెడతారు, సీమంతం చేస్తారు, ఆపై తల్లిగారింటికి పంపుతారు. రెండోసారికి ఇందులో సగం కూడా ఉండదు. "నీకు తెలువనిదేముందమ్మా" అంటారు. తెలియడం వేరు, ఓపిక వేరు. అప్పుడు లేని పది పన్నెండు కిలోల బరువు ఇప్పుడు రోజుకు ఎన్నోసార్లు చంకనెక్కుతుంది. మధ్యాహ్నం పడుకోనివ్వదు, అర్ధరాత్రి నీళ్లడుగుతుంది. అందుకే రెండో కాన్పుకు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది పెద్ద పాపను ఎవరు చూసుకుంటారన్న సంగతి. అది తేలితే తల్లి తిండీ నిద్రా, ఆసుపత్రి ప్రయాణమూ చాలావరకు ఒక దారికి వస్తాయి.

విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు వచ్చి నగరంలో కలిసేది ఎల్బీనగర్‌లో. సూర్యాపేట, నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చైతన్యపురి, కొత్తపేట, నాగోలు, కర్మన్‌ఘాట్ కాలనీల్లో చాలా ఉన్నాయి. తొలి కాన్పుకు ఆ రోడ్ల మీదుగా కూతురు తల్లిగారింటికి వెళ్తుంది. మలి కాన్పుకు అమ్మమ్మే సంచి సర్దుకుని పట్నం వస్తుంది. పెద్దదాని ప్లే స్కూలు ఇక్కడే, భర్త కొలువు ఇక్కడే, చూపించుకునే డాక్టరమ్మ ఇక్కడే మరి. కానీ అమ్మమ్మకూ ఊళ్లో ఇల్లుంది, బర్రెలున్నాయి, పొలం పనులున్నాయి. ఆమె ఎన్నాళ్లుంటుందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడొస్తుందన్నదీ అంతే ముఖ్యం. తొమ్మిదో నెల్లో నేరుగా దిగితే పాపకు ఆమె ఇంకా చుట్టమే. ఆరో నెల్లోనో ఏడో నెల్లోనో ఒక వారం వచ్చి, పాపకు తానే అన్నం తినిపించి, రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని వెళ్తే, కాన్పు నాటికి ఆ చేతులు అలవాటై ఉంటాయి.

ఇద్దరు పిల్లల మధ్య ఎడం గురించి పెద్దవాళ్లు ఒకటి చెప్తారు, డాక్టర్లు ఒకటి చెప్తారు. "ఒక్కసారే ఇద్దరూ పెరుగుతరు, పీడ వదులుతది" అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు ప్రకారం ఒక బిడ్డ పుట్టాక మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగాలి. తల్లి ఒంట్లో ఖర్చయిన ఇనుము, ఫోలేట్ నిల్వలు మళ్లీ నిండడానికి వ్యవధి పడుతుంది. ఎడం మరీ తగ్గితే నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం పెరుగుతాయి.

ఈ ప్రాంతంలో ఆ లెక్కకు ఇంకో బరువు తోడవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు 21.5. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5. అంటే ఇక్కడ రెండోసారి కడుపుతో ఉన్న తల్లుల్లో చాలామంది గర్భసంచి మీద పాత కుట్టు ఉంది. ఆ కుట్టు గట్టిపడటానికి సమయం కావాలి. తొందరగా వచ్చిన రెండో గర్భంలో, ముఖ్యంగా సహజ కాన్పుకు ప్రయత్నించేటప్పుడు, అది విచ్చుకునే ప్రమాదం ఎక్కువ.

అయినా మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అని ముందే రాసిపెట్టుకోనక్కర్లేదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ ప్రసూతి వైద్యుల మార్గదర్శకాల ప్రకారం, ఒక సిజేరియన్ తర్వాత సహజ కాన్పుకు సరైన పరిస్థితుల్లో ప్రయత్నించిన వారిలో నూటికి 72 నుంచి 75 మందికి అది సాధ్యమవుతోంది. కుట్టు విచ్చుకునేది సుమారు 200 మందిలో ఒకరికి. అందుకే రాత్రైనా వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే ఈ ప్రయత్నం చేయాలి. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో, కోత ఎలా పెట్టారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని బీరువాలోంచి తీసి మూడో నెల్లోనే డాక్టరు ముందు పెట్టాలి. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే అలవాటు ఈ నగరంలో ఇంకా పోలేదు. ఆ కోత భారం తర్వాతి కాన్పులో పడుతుందని ముహూర్తం అడిగే పెద్దలకు ఎవరైనా చెప్పాలి.

ఇక ఎత్తుకోవడం. ఆరోగ్యంగా సాగుతున్న గర్భంలో పాపను ఎత్తుకోకూడదన్న నిషేధమేమీ లేదు. రక్తస్రావం కనిపించినా, నెలలు నిండకముందే నొప్పులొచ్చే సూచనలున్నా డాక్టరు వద్దంటారు. గర్భంతో కీళ్ల బంధనాలు సడలి నడుం త్వరగా పట్టేస్తుంది కాబట్టి వంగి లాగకుండా, మోకాళ్ల మీద కూర్చుని పాపను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. అంతకన్నా సులువు, తల్లి మంచం మీద కూర్చుంటే పాపే ఒళ్లోకి ఎక్కడం. లిఫ్టు లేని అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్లు మెట్లెక్కడం పాపకు ముందునుంచీ అలవాటు చేయాలి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక, స్టేషన్లలోని లిఫ్టులు ఇలాంటి తల్లులకు పెద్ద ఆసరా అయ్యాయి. ఆర్టీసీలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేకపోయినా, రద్దీ బస్సులో పిల్లతో నిలబడే గర్భిణికి సీటు కూడా దొరకాలి కదా!

పాలు మానిపించడం దగ్గర ఇంటింటికీ ఒక తగాదా. కడుపుతో ఉన్న తల్లి పాలు పెద్ద బిడ్డకు పడవని వెంటనే మానిపిస్తారు. అంత కంగారు పడాల్సిన పని లేదు. గర్భంలో ఇబ్బందులేవీ లేకపోతే ఇవ్వచ్చు. నెలలు గడిచేకొద్దీ పాలు తగ్గి, రుచి మారి చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే మానేస్తారు. అసలు చిక్కు మానిపించాక ఏం పెడుతున్నారన్నది. 1930లలో పశ్చిమ ఆఫ్రికాలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు, తర్వాతి బిడ్డ కోసం పాలకు దూరమైన పిల్లలు మొక్కజొన్న గంజితో పెరుగుతూ కాళ్లు వాచి నీరసించడం గమనించి వైద్యలోకానికి చెప్పారు. మన దేశంలో ఆ జబ్బుపై గట్టి పరిశోధన చేసినవారిలో సి.గోపాలన్ ఒకరు. ఆయన పనిచేసిన సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ తార్నాకకు తరలింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. గోధుమ, శనగపప్పు, పల్లీ, బెల్లం కలిపి అది రూపొందించిన పొడికి హైదరాబాద్ మిక్స్ అని పేరు. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల చొప్పున ఇచ్చే బాలామృతం అలాంటి ఆలోచనే. అదే అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద తల్లికి గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెడతారు. సొంతిల్లున్నవాళ్లం అక్కడికి ఎలా వెళ్తామని మొహమాటపడి ఎంతోమంది పేరే రాయించుకోరు.

తల్లికి రోజూ వేసుకోమని ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలు చాలా అవసరం. తెలంగాణ గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉందని పైన చెప్పిన సర్వేలోనే తేలింది. టీ తాగిన వెంటనే వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు కాబట్టి గంటైనా ఎడం ఉంచాలి. అయితే ఆ మాత్రలు ఇంట్లో తిరిగే పాపకు ప్రమాదం కూడా. ఎర్రగా, నున్నగా మిఠాయిలా ఉంటాయి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము. పది కిలోల పిల్ల నాలుగైదు మింగితే వాంతులు, కడుపునొప్పి రావచ్చు. పది మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని గంటల తర్వాత వాంతులు తగ్గి తేరుకున్నట్టు కనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూ ఉండవచ్చు. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా మాత్రల అట్ట చేతబట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. కెనడాలోని ఒంటారియోలో జరిగిన ఒక అధ్యయనం 2003లో అచ్చయింది. చిన్నపిల్లల్లో ఐరన్ విషప్రభావానికీ, ఇంట్లో తమ్ముడో చెల్లెలో పుట్టడానికీ దగ్గరి సంబంధం ఉందని అది చూపింది. తల్లి అలసి ఉండే రోజులు, మాత్రలు ఇంట్లో ఉండే రోజులు ఒకటే మరి. టీవీ బల్ల మీద, దిండు కింద, హ్యాండ్‌బ్యాగులో ఉంచకండి. పై అరలో గడియపెట్టి ఉంచండి.

ఒంటి సంగతి ఇదైతే, పాప మనసు మాటేమిటి? దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో ఎటు చూసినా హాస్టల్ బోర్డులే. ఇంటికొచ్చిన చుట్టాలు పాపను ఆటపట్టిస్తారు: "ఇగ నీ పని అయిపోయింది బిడ్డా, చిన్నోడొస్తే నిన్ను హాస్టల్ల ఏస్తరు." పెద్దలంతా నవ్వుతారు. రెండేళ్ల పిల్లకు అది హాస్యం కాదు. ఆ రాత్రి నుంచి తల్లి కొంగు వదలదు, పక్క తడుపుతుంది. ఈ వేళాకోళాన్ని తల్లిదండ్రులు మొహమాటం లేకుండా ఆపాలి.

పిల్లలు సహజంగానే ఓర్వలేనివాళ్లన్న అభిప్రాయానికీ పెద్ద ఆధారం లేదు. బ్రెండా వోలింగ్ నేతృత్వంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 241 కుటుంబాలను కాన్పుకు ముందు నుంచి ఏడాది దాకా గమనించింది. ఎక్కువమంది పెద్ద పిల్లల ప్రవర్తన పెద్దగా చెడలేదు. అంతకుముందు ఇంగ్లండ్‌లో జూడీ డన్, కేరల్ కెండ్రిక్ 40 కుటుంబాల్లో చేసిన పరిశీలన మన ఇళ్లకు నేరుగా పనికొస్తుంది. చిన్నబిడ్డ గురించి పెద్దబిడ్డతో ఒక మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడిన ఇళ్లలో ఇద్దరి మధ్య స్నేహం బాగా కుదిరిందట. "తమ్ముడు ఏడుస్తున్నాడు, ఆకలేసిందేమో, నీకేమనిపిస్తుంది?" లాంటి మాటలన్నమాట. రెండేళ్ల పిల్లకు తేదీలు అర్థం కావు. "సంక్రాంతి ముగ్గులేశాక పాపాయి వస్తుంది" అంటే అర్థమవుతుంది. పక్క మార్చడం, బడిలో వేయడం, డైపర్ మానిపించడం కాన్పుకు రెండు మూడు నెలల ముందే ముగించాలి, లేదా కాన్పు తర్వాత కొన్నాళ్లకు వాయిదా వేయాలి.

"తమ్ముడు కావాల్నా, చెల్లె కావాల్నా?" అన్న ప్రశ్న ఇంకో సంగతి. పసినోట మాట నిజమవుతుందని పెద్దల నమ్మకం. మొదట ఆడపిల్ల పుట్టిన ఇంట్లో ఆ ప్రశ్నకు సరైన జవాబు ఒకటే ఉంటుంది, పాప దాన్ని త్వరగానే నేర్చుకుంటుంది. తనలాంటి ఆడపిల్లను ఇల్లు కోరుకోవడం లేదని కూడా నేర్చుకుంటుంది. ఈ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. దేశంలో తొలి బిడ్డ ఆడపిల్లయిన కుటుంబాల్లో, రెండో కాన్పులో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు పుట్టిన ఆడపిల్లలు 1990లో 906 మంది ఉంటే 2005కి 836కి పడిపోయారని 2011లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. లింగనిర్ధారణను నిషేధించిన చట్టం 1994 నుంచీ ఉన్నా ఇదీ లెక్క.

రెండో కాన్పులో నొప్పులు సాధారణంగా మొదటిసారి కన్నా తక్కువసేపు ఉంటాయి. కోఠి ప్రసూతి ఆసుపత్రికో పేట్లబురుజుకో వెళ్లాలనుకునేవాళ్లు మలక్‌పేట, చాదర్‌ఘాట్ రద్దీని లెక్కలో పెట్టుకోవాలి. వనస్థలిపురం ప్రాంతీయ ఆసుపత్రి దగ్గరున్నవాళ్లకు ఆ చింత తక్కువ. నెలవారీ పరీక్షలకు 102 అమ్మ ఒడి వాహనం, అత్యవసరానికి 108 ఉన్నాయి. నడిరాత్రి నొప్పులొస్తే పాప ఎక్కడుంటుంది? ఎదురింటి వదినె ఇంట్లో అనుకుంటే, ఆ ఇంట్లో పాప అంతకుముందే ఒకట్రెండు రాత్రులు నిద్రపోయి ఉండాలి.

అన్నిటికన్నా తేలిగ్గా దొరకాల్సిన మనిషి, తండ్రి. ఆదివారం పొద్దున పాపను మహావీర్ హరిణ వనస్థలిలో జింకలను చూపించడానికి తీసుకెళ్తే తల్లికి మూడు గంటల నిద్ర. రోజూ స్నానం, పడుకోబెట్టడం ఏడో నెల నుంచే తండ్రి చేతికి మారితే, ఆపరేషన్ అయి ఆరు వారాలు బరువెత్తొద్దన్న రోజుల్లో పాప వెలితి పడదు. 2017లో సవరించిన చట్టం ప్రకారం ఉద్యోగినులకు రెండో కాన్పుకు కూడా 26 వారాల జీతంతో సెలవు ఉంది, అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తండ్రులకు 15 రోజులు. మెయిన్ రోడ్డు మీది బట్టల దుకాణాల్లో రాత్రి పదింటిదాకా నిలబడే తండ్రికి అలాంటి చట్టమేదీ లేదు. యజమానిని అడిగి కాన్పు నెలలో పొద్దుటి వంతుకు మారగలిగితే, పాప నిద్రపోయే వేళకైనా ఇంటికి చేరతాడు. ఆ మాట అడగాల్సింది కూడా ఏడో నెల్లోనే, పండుగల గిరాకీ మొదలవకముందు.