అన్నం, శ్రమ, ఆరోగ్యం: మడికొండ నేపథ్యంలో ఒక వివరణ

మడికొండ పేరులోనే మడి ఉన్నది, కొండ ఉన్నది. మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి ఆలయంతో పేరుపొందిన ఈ ఊరు కాజీపేటకు సమీపాన, హనుమకొండ నుండి హైదరాబాదు వెళ్లే రహదారిపై ఉండి, నేడు వరంగల్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. ఒక ప్రక్క వరి పొలాలు, మరొక ప్రక్క పారిశ్రామిక వాడ, 2020లో తెరచిన సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు. ఒకే ఇంటిలో తాత నాగలి పట్టినవాడు, తండ్రి ట్రాక్టరు నడిపేవాడు, మనుమడు దినమంతా కుర్చీలో కూర్చునేవాడు కావడం ఇటువంటి ఊళ్లలో అరుదు కాదు. అయితే కంచంలో అన్నం పెట్టుకునే అలవాటు మాత్రం తాత కాలపు కొలతతోనే చాలాచోట్ల సాగుతున్నది. ఆహారానికీ ఆరోగ్యానికీ గల సంబంధాన్ని ఈ ప్రాంతంలో వివరించదలచినవారు మొదట గమనించవలసిన అంశం ఇదే.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కఠిన శారీరక శ్రమ చేసే పురుషునికి రోజుకు సుమారు 3,470 కిలో కాలరీల శక్తి అవసరం. కూర్చుని పనిచేసే పురుషునికి సుమారు 2,110 చాలు. వ్యత్యాసం 1,360 కిలో కాలరీలు. వంద గ్రాముల బియ్యం సుమారు 350 కిలో కాలరీల శక్తినిస్తుందనుకుంటే, ఇది దాదాపు 390 గ్రాముల బియ్యానికి సమానం. తాత కంచానికీ మనుమడి కంచానికీ ఉండవలసిన తేడా ఇంత. భూసార పరీక్ష చేయించకుండా యూరియా చల్లవద్దని రైతుకు చెప్పే మనమే, కంచంలో అన్నం మోతాదును అలవాటుకు వదిలివేస్తున్నాము.

ఈ అలవాటు వెనుక కొంత చరిత్ర ఉన్నది. తెలంగాణ మెట్ట భూములలో జొన్న, మక్క ప్రధాన ఆహార పంటలుగా ఉన్న కాలంలో గట్క, అంబలి, జొన్నరొట్టె నిత్య భోజనం. చెరువు కింద పండిన వరి అన్నం చాలా ఇళ్లలో పండుగనాటి వంటకం. బావులకు కరెంటు మోటార్లు, ఆపై బోర్లు, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీరు వచ్చిన కొలదీ వరి విస్తరించినది. 1983లో మొదలైన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం అన్నాన్ని పేద ఇంటికి సైతం చేర్చినది. ఆకలి తీర్చిన ఈ మార్పును తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

పాత ఆహారమంతా ఆరోగ్యకరమనీ, కొత్తదంతా హానికరమనీ చెప్పే ప్రసంగాలు ఇటీవల ఎక్కువైనవి. వాస్తవం అంత సులభంగా లేదు. జొన్నపైనే ఆధారపడిన దక్కను పేద కుటుంబాలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులుగా లేవడం, విరేచనాలు, మతి స్థిమితం తప్పడం దాని లక్షణాలు. హైదరాబాదులో పనిచేసిన గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు 1960లో, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ విటమిన్ వినియోగానికి అడ్డుపడుతున్నదని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తరువాత చాలా చర్చ జరిగినది. కానీ పప్పు, పాలు, మాంసం వంటివి లేకుండా ఏ ఒక్క ధాన్యంతోనో కడుపు నింపుకుంటే శరీరం దెబ్బతింటుందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. వరి విషయంలోనూ ఇదే పాఠం ఇంకా ముందే నేర్చుకున్నాము. నేటి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన విభాగంగానే పుట్టినది. తవుడు పోయేలా మరపట్టిన బియ్యంలో థయామిన్ తగ్గి వచ్చే వ్యాధి అది. బియ్యాన్ని పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలినదీ పోతుంది.

నేటి సమస్య లోపం మాత్రమే కాదు, మిగులు కూడా. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయన ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, మరి 13.6 కోట్ల మందికి దాని పూర్వదశ ఉన్నట్లు అంచనా వేయబడినది. భారతీయులలో కండ తక్కువగా, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉండే దేహతత్వం కనిపిస్తుంది కనుక, సన్నగా కనిపించేవారికి సైతం ఈ ముప్పు వర్తిస్తుంది. తూకం యంత్రం కంటే నడుముకు చుట్టే టేపు ఇక్కడ ఎక్కువ చెబుతుంది. పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

మధుమేహం మాట రాగానే రైతులు, విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటే: ఏ రకం బియ్యం తినాలి? రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048, గ్లైసీమిక్ సూచిక సుమారు 51.5గా నమోదై ప్రసిద్ధి పొందినది. సన్నగింజ, స్వల్పకాలిక పంట కావడంతో రైతుకూ అనుకూలమే. అయితే ఈ సూచిక, 50 గ్రాముల పిండిపదార్థం తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎంతగా పెరుగుతుందో సాపేక్షంగా తెలిపే కొలత. తిన్న మొత్తాన్ని అది లెక్కించదు. అందుకు పిండిపదార్థం గ్రాములను సూచికతో గుణించి నూరుతో భాగించాలి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. సూచిక 70 ఉన్న బియ్యం 100 గ్రాములు వండుకుంటే గ్లైసీమిక్ భారం 55 దాకా వస్తుంది. తెలంగాణ సోనా 150 గ్రాములు వండుకుంటే అది 60. షుగరుకు మంచి బియ్యమని చెప్పి మరొక గరిటె వడ్డించిన క్షణంలోనే రకం వల్ల వచ్చిన లాభం పోయినది. చిరుధాన్యాల పేరుతో అమ్మే తీపి బిస్కెట్ల సంగతి వేరే చెప్పనవసరం లేదు.

భోజనం తరువాత శరీరం ఏమి చేస్తున్నదన్నది కంచంలో ఏమున్నదన్న దానితో సమానంగా ముఖ్యం. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకొనగలదు. తిన్న తరువాత పది, పదిహేను నిమిషాల నడక చక్కెర పెరుగుదలను తగ్గించడానికి కారణం ఇదే. నాటు యంత్రం, వరికోత యంత్రం, ద్విచక్ర వాహనం వచ్చిన తరువాత వ్యవసాయ కుటుంబాలలోనూ నడక తగ్గినది. కనుక రైతు అయినంత మాత్రాన శ్రమజీవి అని భావించరాదు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత పెద్ద భోజనం చేసి వెంటనే పడుకోవడం, నిద్ర చాలకపోవడం, రోజుకు నాలుగైదు తీపి టీలు, పొగాకు, మద్యం ఈ భారాన్ని ఇంకా పెంచుతాయి. పచ్చళ్లతో కలిపి ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదన్న సూచనను ఆవకాయ జాడీ దగ్గర గుర్తుచేసుకోవడం కష్టమే, కానీ రక్తపోటు ఉన్నవారికి తప్పదు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు 2,000 కిలో కాలరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్డు, మాంసం వంటివి 85 గ్రాములుగా సూచించినవి. రేషన్ ద్వారా మనిషికి నెలకు అందే 6 కిలోల బియ్యం రోజుకు 200 గ్రాములు. అంటే అన్నం వాటా అక్కడికే దాదాపు నిండినది. కుటుంబం కొనవలసినవి పప్పు, కూరలు.

విస్తరణ కార్యకర్త ఇంటికి వెళ్లి ఏమి తింటున్నారని అడిగితే అందరూ మంచి జవాబే చెబుతారు. నెలకు ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని కిలోల పప్పు ఖర్చవుతున్నదని అడగడం మేలు. నలుగురు పెద్దవారు ఉన్న ఇంటిలో 50 కిలోల బస్తా నెలలో అయిపోతే తలకు రోజుకు 400 గ్రాములు దాటినట్లే, రొట్టె, ఉప్మా లెక్కలోకి రాకముందే. ఆ ఇంటిలో ఎవరు పొలం పనికి వెళ్తారు, ఎవరు కూర్చుంటారు అన్నది తరువాతి ప్రశ్న. అందరికీ వడ్డించి చివర తినే ఇల్లాలి కంచంలో పప్పు, కూర ఎంత మిగులుతున్నదో మూడవ ప్రశ్నగా అడగాలి. అన్నం తగ్గించమన్న సలహా ఆమె విషయంలో, పప్పు, గుడ్డు పెంచకుండా ఇస్తే, రక్తహీనతకు మరింత దారి తీస్తుంది.